దాభోళ్ రేవులో నన్ను వదిలి పోయిన కారు

మేం సముద్రం చూసొచ్చి నెల దాటింది. మెట్‌పల్లిలో ఎవరు కనబడినా ఒకటే మాట: "సిస్టరమ్మా, సముద్రం ఎట్లున్నది?" బాగుందనే చెబుతున్నాను. నిజానికి ఆ పది రోజుల్లో సగం రోజులు నేను సముద్రం వైపు చూడనే లేదు. పక్క సీట్లో ఉన్న మనిషి వైపే చూస్తూ, ఈయనకు ఏమైందో అర్థం కాక తల పట్టుకున్నాను. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. వెళ్లాలనుకునేవాళ్లకు దారి కూడా తెలుస్తుంది.

నేను ముప్పై మూడేళ్లు పల్లెల్లో నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. మా ఆయన యాకోబు బస్సు డ్రైవర్. ఆయన నాకంటే రెండేళ్ల ముందే రిటైరయ్యాడు. ఇన్నేళ్లలో మేమిద్దరం పక్కపక్కన కూర్చున్నది తక్కువ. ఆయన తెల్లవారుజామున డ్యూటీకి పోతే నేను తొమ్మిదింటికి పోయేదాన్ని. ఆదివారం చర్చిలో కూడా మగవాళ్లొక వైపు, ఆడవాళ్లొక వైపు. స్కూటర్ మీద పోతే ఎవరి మాట ఎవరికి వినపడుతుంది? పోయిన ఏడు ఒక పాత తెల్ల కారు కొన్నాక ఆయనే అన్నాడు, "అందర్నీ అన్ని ఊర్లకు తోల్కపోయిన, నిన్ను యాడికీ తోల్కపోలే. సముద్రం చూసొద్దాం పా" అని.

ఎటు పోదామంటే కొంకణ తీరమన్నాను. మా పుట్టిల్లు ఆదిలాబాద్ పక్కన బేల. పెన్‌గంగ దాటితే మహారాష్ట్ర. చిన్నప్పుడు మా వీధిలో సగం మరాఠీయే. భాష వచ్చు కాబట్టి ఇబ్బంది ఉండదనుకున్నాను. ప్రార్థన చేసుకుని, డబ్బా నిండా సకినాలు, తొక్కు సీసా, ఒక బొంత వెనక సీట్లో వేసుకుని డిసెంబర్ మొదట్లో బయలుదేరాం.

నాందేడ్ దాటాక

నిజామాబాద్‌లో ఉండే మా కూతురు నా ఫోనులో దారి చెప్పే ఏర్పాటు పెట్టి, దాన్ని కారు ముందు భాగంలో నా వైపు అతికించింది. అందులోంచి ఒక అమ్మాయి గొంతు "ఎడమవైపు తిరగండి" అంటుంది. మా ఆయన నేరుగా పోతాడు. "గా పిల్ల చెప్తుంది గద, ఎడమకు పో" అని నేనంటే తలూపి, మళ్లీ నేరుగానే పోతాడు. నాందేడ్ దాటాక అట్లా ఇరవై కిలోమీటర్లు పత్తి చేల మధ్యకు పోయి, ఒక ఎద్దులబండి వెనక ఆగిపోయాం.

"ఏందయ్యా, చెప్తే ఇనవా?"

"ఇన్న. గీ దారి సుత పోతదేమో అనుకున్న" అన్నాడు.

ముప్పై అయిదేళ్లు బస్సు నడిపిన మనిషి. దారి విషయంలో ఇంకొకరి మాట వినడం ఆయనకు నామోషీ అనుకుని ఊరుకున్నాను.

అలీబాగ్

మూడో రోజు మధ్యాహ్నానికి సముద్రం కనబడింది. ఇద్దరం కారు దిగి చెప్పులు విప్పి నీళ్లలో నిలబడ్డాం. అరవై దాటిన మనిషి, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, "అబ్బో! గిదెంత పెద్దగున్నది మార్తా! మన శ్రీరాంసాగర్ గిసొంటివి ఎన్ని పడ్తయో" అన్నాడు. నాకు చాలా సంతోషమేసింది.

భోజనానికి ఒక ఇంట్లో నడిపే చిన్న హోటల్‌కు పోయాం. చేపల భోజనం రెండు వందల యాభై. బియ్యపు రొట్టె, వేయించిన బాంగ్డా చేప, అన్నం, గులాబీ రంగు పులుపు నీళ్లు. ఆ నీళ్లను సోల్‌కఢీ అంటారు. కొబ్బరిపాలలో ఏదో ఎండిన కాయ నానబెట్టి చేస్తారట. మా ఆయన మజ్జిగ అనుకుని అన్నంలో పోసుకున్నాడు. వాళ్ల చేపల పులుసులో చింతపండే లేదు. పులుపుకు కూడా ఆ కాయే. చింతపండు లేకుండా పులుసేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. తిన్నాక మాత్రం ఇద్దరం మళ్లీ పెట్టించుకున్నాం.

భాష సంగతి కూడా చెప్పాలి. హోటల్ ఆవిడతో నా మరాఠీ మొదలుపెట్టగానే ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. లోపలికి పోయి అత్తను పిలుచుకొచ్చింది. "మళ్లీ మాట్లాడండి" అంది. మా బేలలో మాటమాటకూ "బాప్పా" అంటాం, మన "అబ్బో" లాగా. వీళ్లకది ఎక్కడో అడవి ప్రాంతపు మాటట. "నాగపూర్ నుంచా?" అని అడిగారు. తెలంగాణ అంటే నమ్మలేదు. వాళ్లు తమలో తాము మాట్లాడుకుంటే నాకు ముక్క అర్థం కాలేదు. నా భాష వాళ్లకు నవ్వు, వాళ్ల భాష నాకు గజిబిజి.

మురుడ్

ఇక్కడి నుంచి రోడ్డు దక్షిణానికి పోతుంది. సముద్రం ఎప్పుడూ కుడివైపే, అంటే ఆయన వైపే. అద్దం దించి గాలికి మొహం పెట్టి నడుపుతాడు. ఎడమవైపు నేను, వక్కతోటలు, ఎర్రమట్టి గోడల ఇళ్లు.

మురుడ్ దగ్గర సముద్రం మధ్యలో ఒక కోట ఉంది. గోడల చుట్టూ నీళ్లే. ఆ కోట చూసి కారెక్కాక నాకెందుకో మాట్లాడాలనిపించింది. "ఇసొంటి తోటల ఒక చిన్న ఇల్లుంటే మనిద్దరం ముసలితనం ఈడనే గడిపెటోళ్లం గద?" అన్నాను.

ఆయన "ఆఁ, ముందటి బంకుల పోయించుకుందాం" అన్నాడు.

అట్లాంటివి రోజుకు నాలుగైదు. నేనొకటి అంటే ఆయనొకటి. నవ్వాల్సిన చోట నవ్వడు. అడగనిదానికి "సరే" అంటాడు. రాత్రి గదిలో ఎదురుగా కూర్చుంటే మాత్రం అన్నీ సక్రమంగా మాట్లాడతాడు. నర్సును కదా, నా బుద్ధి వేరే వైపు పోయింది. మతిమరుపు జబ్బు మొదలైందేమోనని భయపడ్డాను. పరీక్ష చేద్దామని టిఫిన్ దగ్గర మా మెట్‌పల్లి నుంచి ఆదిలాబాద్ దాకా స్టేజీలు వరసగా చెప్పమన్నాను. చార్జీలతో సహా చెప్పాడు. "ఎందుకు అడిగినవ్?" అన్నాడు. ఊరికే అన్నాను. మతి బాగానే ఉంది. మరి నా మాటే ఎందుకు పట్టదు?

ఈ తీరంలో అక్కడక్కడా సముద్రపు పాయలు భూమిలోకి చొచ్చుకొస్తాయి. వంతెనలు తక్కువ. కార్లు, లారీలు, మనుషులు అందరూ ఒకే పెద్ద బల్లకట్టులాంటి పడవ ఎక్కి దాటాలి. మేం మొదటి రెండు పాయలూ కారులో కూర్చునే దాటాం. పడవ మీద కారెక్కించడం ఆయనకు భలే సరదా.

హర్ణై

హర్ణైలో సాయంత్రం చేపల వేలం చూడాలి. పడవలు ఒడ్డుకు దూరంగా ఆగితే ఎద్దుల బండ్లు నీళ్లలోకే పోయి గంపలు తెస్తాయి. ఇసుక మీద కుప్పలు పోసి ఆడవాళ్లే వేలం పాడతారు. మా దగ్గర పసుపు మార్కెట్లో వేలం మగవాళ్లదే. ఆడవాళ్లు కొమ్ములు ఏరడం వరకే. ఇక్కడ నెత్తిన పూలు పెట్టుకున్న ముసలమ్మ ఒక్క చూపుతో ధర తేల్చేస్తుంటే మగవాళ్లు గంపలు మోస్తున్నారు. మా ఆయన కూడా నోరు తెరుచుకుని చూశాడు.

మర్నాడు పొద్దున హర్ణై దాటాక ఒక మిట్ట వస్తుంది. కింద సముద్రం, మీద మేం, రోడ్డు మీద ఎవరూ లేరు. అక్కడ నేను ముప్పై రెండేళ్లుగా మనసులో పెట్టుకున్న మాట చెప్పాను.

మా కూతురి కంటే ముందు మాకొక బాబు. పదకొండు నెలలు బతికాడు. మెదడువాపు వచ్చి మూడు రోజుల్లో పోయాడు. జ్వరం సాయంత్రం మొదలైందనే అందరికీ తెలుసు. నిజానికి ఆ రోజు పొద్దున్నే నేను చెయ్యి పెట్టి చూశాను. ఒళ్లు వెచ్చగా ఉంది. టీకాల క్యాంపు ఉందని, మా అత్త ఇంట్లోనే ఉంది కదా అని, చెప్పకుండా పోయాను. పక్క ఊళ్లో అరవై మంది పిల్లలకు సూదులు వేసి సాయంత్రం వచ్చేసరికి వాడికి ఫిట్స్. ఆ మాట నేను ఎవరితోనూ అనలేదు.

అదంతా ఆయన మొహం చూడకుండా, ముందు రోడ్డు చూస్తూ చెప్పాను. చెప్పి, ఆయనేమంటాడా అని కూర్చున్నాను.

ఆయన కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, "ఔ, గాలి మంచిగున్నది" అన్నాడు.

నాకు కోపం కూడా రాలేదు. ఏమీ అర్థం కాలేదు. విని మాట మార్చాడా? ఇన్నేళ్లు తెలిసే ఊరుకున్నాడా? అసలు ఈ మనిషి ఎవరు? తల నొస్తోందని సైగ చేసి కారు ఆపించి, వెనక సీట్లోకి మారి, బొంత కప్పుకుని పడుకున్నాను. మధ్యాహ్నం భోజనం దగ్గర కూడా మాట్లాడలేదు. "ఒంట్ల మంచిగ లేదా?" అని రెండుసార్లు అడిగాడు.

దాభోళ్ రేవు

మూడో పాయ దాభోళ్ దగ్గర. మా ముందు నాలుగు బండ్లున్నాయి. నేను వెనక సీట్లోంచే ఎడమ పక్కకు వంగి, "నేను దిగి ఆడోళ్ల బాత్రూం దిక్కు పోయొస్త, వచ్చేదాకా ఆగు" అన్నాను. తలూపాడు. చేతిసంచి, అందులో వేసిన ఫోను ముందు సీట్లోనే ఉన్నాయి. ఎందుకులే అని వదిలి దిగాను.

ఎండు రొయ్యలు అమ్మే ఒకామె దారి చూపించింది. తిరిగొచ్చేసరికి బండ్ల వరస లేదు. పడవ కదిలింది. దాని మీద, చివర్లో, మా తెల్ల కారు.

ఒడ్డు అంచు దాకా ఉరికి, "ఓ యాకోబూ!" అని అరిచాను. పెళ్లయిన ముప్పై ఆరేళ్లలో నలుగురిలో ఆయన్ని పేరు పెట్టి పిలవడం అదే మొదలు. రేవులో ఉన్నవాళ్లందరూ తిరిగి చూశారు. కారులోంచి ఆయన మాత్రం తిరిగి చూడలేదు.

నా ఒంటి మీద చీర, కాళ్లకు చెప్పులు తప్ప నా దగ్గర ఏమీ లేవు. పొద్దుటి మాట ఒక్కటే తలలో తిరుగుతోంది. విన్నాడు. విని, ఆలోచించి, నన్ను ఇక్కడ దించేశాడు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది కానీ, ఆ ఒడ్డున నిలబడ్డప్పుడు నిజంగానే అట్లా అనుకున్నాను.

ఎండు రొయ్యలామె పేరు సుమన్. నా ఈడే ఉంటుంది. గంప దించి నా పక్కన కూర్చుంది. "పోట్లాడుకున్నారా?" అని అడిగింది. ఏమో తెలియదన్నాను. "పోట్లాడింది కూడా తెలియదా?" అంది. "కారు నీ దగ్గరుంటే దానికోసమైనా వచ్చేవాడు. అదీ ఆయన దగ్గరే ఉంది" అని తనే నవ్వి, మళ్లీ నా మొహం చూసి నా చెయ్యి పట్టుకుంది.

తన ఫోనిచ్చింది. ఆయన నంబరు నాకు నోటికి రాదు. గుర్తున్నది నా నంబరొక్కటే. నా ఫోనుకే నేను చేసుకున్నాను. అది ఆయన పక్క సీట్లోనే ఉంది. మోగింది, ఆగిపోయింది. మళ్లీ చేశాను. మోగింది, ఆగిపోయింది. అయిదోసారికి ఇక చెయ్యబుద్ధి కాలేదు. పక్కన మోగుతున్నా ఎత్తడం లేదంటే ఏమనుకోవాలి?

ముప్పావు గంటకు ఇంకో పడవ వచ్చింది. సుమన్ నన్ను తనతో ఎక్కించుకుంది. టికెట్ తనే తీసింది. పడవ నడి నీళ్లలో ఉండగా ఫోను మోగింది. నా నంబరే. నా పేరు అడగకుండానే ఒక పెద్దమనిషి గొంతు మరాఠీలో మొదలుపెట్టింది.

"బాయీ, నేను గుహాగర్ దారిలో పెట్రోల్ బంకులో పనిచేస్తాను. మీ కాకా, అదే మీ ఆయన, ఇక్కడున్నాడు. మంచినీళ్లు అడుగుదామని వెనక తలుపు తీస్తే మీరు లేరట, బొంత ఉందట. ఏడుపు ఒకటే తక్కువ. ఈ ఫోను ఇందాకటి నుంచి కారులో మోగుతోంది. నేను పెట్రోల్ పోస్తూ విన్నాను. ఆయన సీటు పక్కనే మోగుతుంటే కాకా పలకడు." తర్వాత అడిగాడు. "ఆయనకు ఎడమ చెవి వినపడదు కదా?"

పడవలో వస్తున్నానని, ఆయన్ని రేవుకు పంపమని చెప్పి, కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. ముప్పై మూడేళ్లు ఎంతోమంది చెవుల్లో లైటు వేసి చూశాను. నా మొగుడి చెవి సంగతి పెట్రోల్ పోసే మనిషి చెబితే తెలిసింది.

అవతలి ఒడ్డున ఆయన కారు అడ్డదిడ్డంగా ఆపి, నీళ్ల అంచున నిలబడి ఉన్నాడు. నన్ను చూడగానే, "నువ్వు ఎనుక పండుకున్నవనుకున్న మార్తా. దేవుని తోడు. బొంత గట్లనే ఉండె" అన్నాడు. సుమన్ ఆయన్ని మరాఠీలో తిట్టాల్సినవన్నీ తిట్టి, నన్ను కౌగిలించుకుని గంప నెత్తికెత్తుకుంది. టికెట్ పైసలు ఇవ్వబోతే తీసుకోలేదు. నేను సకినాల డబ్బా మొత్తం ఆమె గంపలో పెట్టాను.

గుహాగర్

ఆ సాయంత్రం గుహాగర్ ఒడ్డున, సరుగుడు చెట్ల కింద కూర్చున్నాం. నేను ఆయనకు ఎడమవైపు కూర్చుని, మెల్లగా "ఏమయ్యా" అన్నాను. సముద్రం వైపే చూస్తున్నాడు. లేచి కుడివైపు కూర్చుని అంతే మెల్లగా అన్నాను. తిరిగి చూశాడు. చూసి, తల దించుకున్నాడు.

"ఎన్నేండ్లాయె?"

"పదిహేనేండ్లు దాటింది. పాత బస్సులల్ల ఇంజిను మా ఎడమ పక్కనే ఉంటుండె. దినాం దాని పక్కనే గద. మెల్లమెల్లగ పోయింది."

"నాకెందుకు చెప్పలే?"

"నువ్వు సిస్టరమ్మవు. చెప్తే పరీక్ష చేపిద్దాం అంటవు. డ్యూటీలకెళ్లి తీసేస్తరు. బిడ్డ చదువుతుండె. ఇగ రిటైరైనంక ఏం చెప్పుడు, సిగ్గు."

"బస్సు నిండ మందిని ఎక్కిచ్చుకొని ఒక్క చెవితోని నడిపినవా?"

"అద్దాలు చూసుకుంట నడిపిన. ఒక్క దెబ్బ తాకియ్యలే మార్తా" అన్నాడు. అది నిజమే. అయినా ఆ బస్సుల్లో మా ఊరి వాళ్లున్నారు, నేనున్నాను. కోపం చేయాలో జాలిపడాలో ఆ రోజు తేలలేదు. ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. ఇంట్లో నేనెట్లా గుర్తుపట్టలేదు? రోగులతో మాట్లాడి నాది ఎప్పుడూ పెద్ద గొంతే. ఆయన ఫోను ఎప్పుడూ కుడి చెవికే పెట్టుకుంటాడు. రాత్రిపూట కుడివైపు తిరిగి పడుకుంటాడు. ఎంత మంచి నిద్ర ఈయనదని ఇన్నేళ్లు అసూయపడ్డాను.

తిరుగు దారి

రత్నగిరి దాకా పోవాలనుకున్నది మానుకున్నాం. చిప్లూన్ మీదుగా కుంభార్లీ ఘాట్ ఎక్కి, కరాడ్ వైపు తిరిగాం. ముందే షరతు పెట్టాను: ఇల్లు చేరగానే కరీంనగర్‌లో చెవి డాక్టర్. అప్పటిదాకా ఎడమవైపు ఏ బండి వచ్చినా నేను చెబుతాను. నిదానంగానే పోవాలి. నేను వెనక సీట్లో, సరిగ్గా ఆయన వెనక కూర్చుని, ముందుకు వంగి కుడి చెవిలో చెప్పాలి. అద్దాలన్నీ ఎత్తేశాం. ఘాట్ మీద చాయ్ అమ్మే అతను కిటికీ దగ్గరకొచ్చి, డ్రైవర్‌కు ఏమైనా కావాలా మేడం అని నన్ను అడిగాడు. మా ఆయన తనే, "డ్రైవర్‌కు రెండు వడాపావ్" అన్నాడు.

ఘాట్ దాటాక అంతా చెరకు. మా వైపు ఇంత చెరకు ఒకచోట చూడలేదు. ట్రాక్టర్ వెనక రెండేసి బండ్లు తగిలించి కొండలా చెరకు వేసుకుపోతాయి. అట్లాంటి ఒక ట్రాక్టర్ వెనక నిదానంగా పోతుండగా ఆయన అడిగాడు.

"మొన్న హర్ణై దాటినంక ఏదో మస్తు సేపు మాట్లాడినవ్. పెదవులు కదులుడు ఓరకంట కనిపిచ్చింది. గాలికి ఏం ఇనవడలే. అప్పటిసంది నువ్వు మాట్లాడలే. ఏం చెప్పినవ్?"

వద్దులే అందామనుకున్నాను. ఒకసారి చెప్పడమే కష్టమైంది. అయినా సీటు పట్టుకుని ముందుకు వంగి, మొదటి నుంచీ చెప్పాను. పొద్దున చెయ్యి పెట్టి చూడటం, వెచ్చగా ఉండటం, సూదుల డబ్బా తీసుకుని పోవడం, అన్నీ. ఈసారి అద్దంలో ఆయన కళ్లు నాకు కనబడుతున్నాయి.

ఆ కళ్లు రోడ్డు వైపు తిరిగాయి. మళ్లీ వినపడలేదేమో అనుకున్నాను.

"నాకెర్కే మార్తా" అన్నాడు.

"ఏమెర్క?"

"జరమున్నదని. ఆ పొద్దు నేను సుత పిలగాని నెత్తి ముట్టి చూసిన. నువ్వు పొయ్యికాడ ఉన్నవు. ఫస్ట్ బస్సు నాదే. నువ్వు ఇంట్లనే ఉంటవనుకొని, నీకు చెప్పకుండనే పోయిన."

నా చెయ్యి ఆయన భుజం మీద ఉంది. ఆయన ఎడమ చెయ్యి స్టీరింగ్ మీదనుంచి తీసి దాని మీద పెట్టాడు.

"నువ్వు నన్ను ఏమంటవో అని చెప్పలే" అన్నాడు.

ముందున్న ట్రాక్టర్ ఫ్యాక్టరీ దారిలోకి తిరిగిపోయింది. రోడ్డంతా ఖాళీ అయింది. అయినా ఆయన చాలా దూరం దాకా వేగం పెంచలేదు.